మస్టరులో పేరుందా?

2024లో సింగరేణి లాభాల నుంచి పర్మనెంటు కార్మికులకు 33 శాతం వాటా, సగటున 1.90 లక్షల రూపాయలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారిగా తలా 5,000. గోదావరిఖనిలో ఆఫీసులు, ఆసుపత్రి ఊడ్చే స్త్రీలు ఈ రెండో లెక్కలోని వాళ్లు. అదైనా అడగాలంటే ముందు కాంట్రాక్టరు మస్టరులో పేరుండాలి కదా!

పదిమందితో మొదలుపెట్టిన కాంట్రాక్టరు నలభైమందిని పెట్టుకునేసరికి వ్యాపారం పెరుగుతుంది. జీతాల లెక్క మాత్రం జేబులోని నోటుబుక్కు దాటదు. ‘చిన్నవాడు, ఈ లెక్కలన్నీ ఏం తెలుస్తాయి’ అని మనమే సర్దిచెప్పుకుంటాం. బిల్లు పెట్టేటప్పుడు మాత్రం అతను ఒక్క తలనూ మరచిపోడు.

1970 నాటి చట్టం కింద 20 మంది కూలీలుంటే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కోడ్ ఆ సంఖ్యను 50 చేసింది. చిన్న కాంట్రాక్టరు పెద్దవాడయ్యే ఆ మధ్య దశలోనే నిఘా తగ్గిపోయిందన్నమాట. అయితే జీతం స్లిప్పు ఇవ్వాలనీ, మరుసటి నెల 7వ తేదీలోగా చెల్లించాలనీ వేతనాల కోడ్ చెబుతోంది. మన సంఘాలు గట్టిగా పట్టుకోవలసింది దీన్నే. కూలి డబ్బు మేస్త్రీ చేతికో, భర్త చేతికో కాదు, ఆమె ఖాతాలోనే పడాలి. ఆ స్లిప్పులు చూడకుండా కాంట్రాక్టరు బిల్లును కంపెనీ పాస్ చేయకూడదు.