సెంట్రింగునకుఁ దగిన స్థానము
భద్రాచలముకడ గోదావరిపై 1965లో ప్రారంభమైన వారధిని, దాని చెంతనే 2024లో రాకపోకలకుఁ దెరచిన రెండవ వారధిని చూచువారు స్తంభముల దార్ఢ్యమును మెచ్చుకొందురేగాని, వానికి రూపమిచ్చి తొలగిపోయిన సెంట్రింగును తలంచువారరుదు. అప్పుడే పోసిన కాంక్రీటు ఘనపు మీటరునకు సుమారు 2400 కిలోల బరువు గలదై, గట్టిపడువఱకు ద్రవమువలెనే పలకలను ప్రక్కలకు నెట్టుచుండును. పోయు వేగము హెచ్చినకొలది ఆ యొత్తిడియు హెచ్చును. 1986 ఆగస్టులో 75.6 అడుగుల మట్టమునకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పొంగిన నదియందైనచో, వరదకు ముందే స్తంభము పైకి రావలెనను తొందరయు దానికిఁ దోడగును. అట్టిచోట ఒక్కొక్క యంచె గట్టిపడఁగానే విప్పి పైకి జరుపఁదగిన యుక్కు పలకలే శరణ్యము.

వారధులకు ఇంజనీర్లు గలరు. నా యాందోళన మన్యపు అంచుననున్న ఆశ్రమ పాఠశాలలను, ఆసుపత్రులను, గృహములను గుఱించినది. అశ్వారావుపేట, సత్తుపల్లి ప్రాంతములందు విరివిగాఁ బెరుగు జామాయిలు కర్రలను, వంకరవైనను, పొడవు చాలకున్న క్రింద ఇటుకలు పేర్చి, శ్లాబుల క్రింద నిలుపుట పరిపాటి. తక్కువ యెత్తునకు మంచి కర్ర చాలును, కాదనను. కాని యెత్తైన కట్టడములయందు, తడినేలపై, అడ్డుకట్టులేని కర్ర కార్మికుని ప్రాణముతోడి పందెము. భారత ప్రమాణము 456 ననుసరించి, సాధారణ సిమెంటుతో, ఆధారముల నడుమ దూరము 4.5 మీటర్లు మించిన శ్లాబునకు ఊతలు 14 దినములును, 6 మీటర్లు మించిన దూలమునకు 21 దినములును ఉంచవలెను. అద్దె సామాను మఱియొకచోటికిఁ బంపవలెనను త్వరలో ఈ గడువునే మొదట కుదించుచున్నారు. కావున ప్రభుత్వపు ప్రతి పనియందును సెంట్రింగునకు వేఱుగాఁ బటము, వేఱుగా వెల, కాంక్రీటు పోయుటకు ముందు వేఱుగాఁ దనిఖీ యుండవలెను; ఊతలు తీయఁదగిన తేదీని కార్మికులు చదువఁగల యక్షరములతో గోడపై వ్రాయించవలెను.