రాయ్‌పూర్ మేయర్ గారికి ఒక తెలుగు ఉత్తరం

గౌరవనీయులైన రాయ్‌పూర్ నగర మేయర్ గారికి,

మీ ఊళ్లో స్థిరపడిన తెలుగువాళ్లలో నేనొకణ్ని. తెలుగులో రాయడానికి కారణముంది. అభన్‌పూర్ దగ్గర మొదలై విశాఖ పక్కన సబ్బవరం దాకా 464 కిలోమీటర్ల ఆరు వరసల రోడ్డు వేస్తున్నారు. అది పూర్తయ్యాక పొద్దున్నే బయల్దేరిన మావాళ్లు మధ్యాహ్నానికల్లా మీ పొలిమేరలో ఉంటారు. అక్కణ్నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న జయస్తంభ్ చౌక్ చేరడమే అసలు గండం.

మావాళ్లు రావడానికి సాకులకేం కొదవ? వల్లభాచార్యులు తెలుగు బ్రాహ్మణ కుటుంబం బిడ్డ, పుట్టింది మీ దగ్గరి చంపారణ్యంలో. దానికి దగ్గర్లోనే రాజిం, మహానది సంగమం. పిల్లలకు జంగిల్ సఫారీ ఉండనే ఉంది.

ఆ గండమేమిటో తెలియాలంటే సాయంత్రం ఒకసారి కారు దిగి, శారదా చౌక్ నుంచి తాత్యాపారా దాకా నడిచి చూడండి. అంత పెద్ద జీఈ (గ్రేట్ ఈస్టర్న్) రోడ్డు అక్కడికొచ్చేసరికి ఇరుకైపోతుంది. ఈ-రిక్షా నడిరోడ్డు మీద ఆగుతుంది, డ్రైవరు తల బయటపెట్టి ‘ఘడీ చౌక్, తేలీబాంధా’ అని కేకలేస్తాడు, వెనకాల బైకువాడు హారన్ మీంచి వేలు తియ్యడు. ఆ డ్రైవర్ని నేను తప్పుపట్టను. బస్సు రాని చోట అతనే బస్సు. ఆగడానికి చోటు చూపించకపోతే రోడ్డే స్టాండవుతుంది. ఈ ముక్కని వెడల్పు చేస్తామన్న మాట మాత్రం ఏళ్లుగా వింటూనే ఉన్నాం.

శాస్త్రీ చౌక్ స్కైవాక్ సంగతి మీకు నేను చెప్పాలా! 2017లో మొదలుపెట్టారు, 2018లో ప్రభుత్వం మారాక ఆపారు, ఏళ్ల తరబడి ఇనుప చట్రంగా వదిలేశారు, మళ్లీ ఇప్పుడు పని పట్టారు. పూర్తి చెయ్యండి, కాదనను. కానీ నడిచేవాణ్ని పైకెక్కించి కింద బళ్లకి దారివ్వడమే అందులో ఆలోచన. ఎస్కలేటర్ చెడిన రోజున అంబేడ్కర్ ఆస్పత్రికి కాలికి కట్టుతో వచ్చినవాడి గతేమిటి? కింద ఓ జీబ్రా గీత, కాసేపు ఆగే సిగ్నల్ కూడా ఉంచండి.

ఒకప్పుడు ఊరి మధ్య నుంచి ధమ్‌తరీకి చిన్న రైలు పోయేది. 2017లో నగరంలో దాన్ని ఆపి, పట్టాలు పీకి, స్టేషన్ నుంచి ఎక్స్‌ప్రెస్‌వే వేశారు. రైలు దారిలో కార్లొచ్చాయి, అవి దిగే చోట మళ్లీ అదే తొక్కిసలాట. నా లెక్కలో అది నష్టపు బేరం. ఇప్పుడు 2025 మార్చి 30న అభన్‌పూర్‌కు మెమూ రైలు మొదలై, తర్వాత రాజిం దాకా పోతోంది. సంతోషమే. మరి రాజింలో దిగినవాడు చంపారణ్యం ఎలా వెళ్లాలి? రైలు వేళకు అక్కడో బస్సు నిలబడి ఉంటే కారు ఇంట్లోనే ఉంటుంది.

2021లో బస్టాండుని పండ్రీ నుంచి భాఠాగావ్‌కు మార్చడం మంచి పనే. దిగిన ప్రయాణికుణ్ని ఆటో బేరానికి వదిలెయ్యడమే బాగాలేదు. పీఎం ఈ-బస్ సేవ కింద మీ నగరానికి 100 ఎలక్ట్రిక్ బస్సులు మంజూరయ్యాయి. వాటిని వీధికి రెండు చొప్పున పంచిపెట్టకండి. రైల్వే స్టేషన్, జయస్తంభ్, తేలీబాంధా, భాఠాగావ్ మీదుగా ఒక్క దారిలో పది నిమిషాలకొకటి తిప్పండి. ఎప్పుడొస్తుందో తెలిసిన బస్సునే జనం నమ్ముతారు.

రైళ్లూ జాతీయ రహదారులూ మీ చేతిలో ఉండవని తెలుసు. ఈ-రిక్షా స్టాండూ, మాలవీయ రోడ్డు పార్కింగూ మీవే కదా, బస్సుల కోసం గట్టిగా అడగగలిగేదీ మీరే. ముందుగా ఒక పని చేసి చూడండి: నవా రాయ్‌పూర్ స్టేడియంలో వచ్చే అంతర్జాతీయ మ్యాచ్‌కి, టికెట్ ధరలోనే బస్సు చార్జీ కలిపెయ్యమని నిర్వాహకులను అడగండి. టికెట్ చూపిస్తే స్టేషన్ నుంచి స్టేడియానికి, మ్యాచ్ అయ్యాక అక్కణ్నుంచి వెనక్కి, ఆఖరి ప్రేక్షకుడు ఎక్కేదాకా బస్సులు తిరగాలి.

ఇట్లు,
తేలీబాంధాలో ఉండే ఒక తెలుగు మనిషి