చీర్‌లీడింగ్ కూడా ఆటే



చీర్‌లీడింగ్ ఆట కాదు, ఆటకు అలంకారం మాత్రమేనన్న గత వారం వ్యాసంతో ఏకీభవించలేను. ఐపీఎల్‌లో బౌండరీ పక్కన వేసే స్టెప్పులు చూసి అమెరికాలోని పోటీ చీర్‌ను అంచనా వేయడం సరికాదు. అక్కడ జట్టుకు దక్కేది రెండున్నర నిమిషాలు. పల్టీలు, పిరమిడ్లు, గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం అన్నీ ఆలోపే పూర్తి కావాలి. పైనుంచి పడే అమ్మాయిని తల, మెడకు దెబ్బ తగలకుండా కిందివాళ్లు అందుకోవాలి. ఒక్కరు క్షణం ఆలస్యం చేసినా ప్రమాదమే. తడబడితే మార్కులు పోతాయి.

2010లో క్విన్నిపియాక్ యూనివర్సిటీ కేసులో కనెక్టికట్ ఫెడరల్ కోర్టు పోటీ చీర్‌ను ఆటగా లెక్కించలేమన్న మాట నిజమే. అప్పటికి పోటీల వ్యవస్థ, నియమాలు ఒక కొలిక్కి రాలేదన్నదే ఆ తీర్పుకు కారణం. ఇది ఎన్నటికీ ఆట కాజాలదని కోర్టు అనలేదు. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీయే అంతర్జాతీయ చీర్ యూనియన్‌కు పూర్తి గుర్తింపు ఇచ్చింది.

మిగతా ఆటగాళ్లకిచ్చే అర్హులైన కోచ్‌లు, మంచి మ్యాట్లు, వైద్య సాయం ఈ పిల్లలకూ అందాలి. అందుకైనా బడులు, కాలేజీలు చీర్‌లీడింగ్‌ను ఆటగా గుర్తించాలి.

– ఒక పాఠకురాలు, డల్లాస్