చిత్రవిచిత్రములు: వాడని పూవులు

సాయంకాలము జడలో తురిమిన మల్లెలు తెల్లవారుసరికి రంగు మారి వ్రేలాడుట మన చదువరులలో నెరుగనివారు లేరు. వాడని పూవును చేయవలెనను కోరిక అన్ని దేశములందును గలదు. మైనముతో చేసినవారును, పట్టుతో చేసినవారును, గవ్వలతో చేసినవారును గలరు. ఈ మాసమున మేము చెప్పదలచినవి అలంకారమునకు మాత్రమే పనికివచ్చు పూవులు కావు. వృక్షశాస్త్రజ్ఞులు సైతము చేతబట్టి పరీక్షింపదగినవి. వానిలో మాకు మిక్కిలి నచ్చిన రెండును స్త్రీల చేతిపనియే.

ముందుగా గాజుపూవులు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో సుమారు 780 జాతుల మొక్కలు గాజుతో చేయబడినవి గలవు. బ్లాష్కా వంశపు తండ్రికొడుకులు, లియోపోల్డు, రుడోల్ఫు అనువారు, జర్మనీలో డ్రెస్డెన్ నగరసమీపమున తమ యింట కూర్చుండి వీనిని చేసి యోడలమీద పంపిరి. కేసరములు, ఆకుల యీనెలు, తుదకు తెగులు పట్టి క్రుళ్లిన పండ్లును గాజే. చూడవచ్చినవారు వీని ముందే నిలువబడి, గాజుపూవు లెక్కడనని యడుగుచుందురట! ఎలిజబెత్తు వేర్ అను నామెయు, ఆమె కుమార్తె మేరీయు ఇంటి యజమానుని జ్ఞాపకార్థము ఈ వ్యయమును భరించిరి. 1895లో తండ్రి గతింపగా కొడుకొక్కడే 1936 వరకు పని సాగించెను. అతనికి బిడ్డలు లేరు. ఆ విద్య నందుకొన్న శిష్యులును లేరు.

గాజుపనికి మంట కావలెను, తరతరముల నేర్పు కావలెను. కత్తెరపనికి అవి యక్కరలేదు. ఇంగ్లండున మేరీ డెలానీ అను నామె కత్తెర పట్టి ఇట్టి పని కారంభించునప్పటికి ఆమె వయస్సు 72 యేండ్లు. 1700లో పుట్టిన యీమెను పదునేడేండ్ల ప్రాయమున, అరువదేండ్లకు చేరువైన యొక భూస్వామికి ఇంటివారు కట్టబెట్టిరి. ఆ కాపురమున సుఖము లేదు. అతడు పోయిన చాలకాలమునకు, 1743లో, డాక్టరు డెలానీ యను మతాచార్యుని తన యిష్టముచొప్పున వివాహమాడి పాతికేండ్లు సుఖముగా నుండెను. 1768లో అతడును గతించెను. అప్పుడు స్నేహితురాలగు పోర్ట్‌లండు డచెస్సు ఆమెను తనయొద్దకు పిలిపించుకొని ఆదరించెను.

1772లో నొకనాడు, జెరేనియము పూరేకు రంగును, బల్లపై నున్న యొక యెఱ్ఱకాగితపు రంగును ఆమె కంటికి ఒక్కటే యని తోచెను. కాగితమును రేకులుగా కత్తిరింప మొదలిడెను. అంతలో లోనికి వచ్చిన డచెస్సు, నిజమైన పూవునే తెంపుచున్నదని తలచి, ఆ పని యేమని యడిగెనని చెప్పుదురు. అది మొదలు పదియేండ్లలో 985 పటములు తయారయ్యెను. ప్రతిదానికిని వెనుక నల్లనితావు. దానిపై రంగురంగుల కాగితపు తునుకలు. ఆకుమీద నీడ పడినచోట ముదురాకుపచ్చ తునుక, ఎండ తగిలినచోట లేతపచ్చ తునుక. ఒక పూవునందైతే 200కు పైగా రేకులున్నవి. పటము మూలను తన పేరి తొలియక్షరములు రెండును కత్తిరించి అతికించుట ఆమె యలవాటు. 1782లో చూపు మందగించుటచేత కత్తెర క్రింద పెట్టెను. ఆ పటములిప్పుడు బ్రిటిషు మ్యూజియమున భద్రముగా నున్నవి. దీనిని ముసలమ్మగారి కాలక్షేపమని కొట్టివేయుటకు మాకు నోరాడదు.

డెలానీ గతించిన పదునొకండేండ్లకు, 1799లో, కెంటు మండలమున టన్‌బ్రిడ్జియందు పుట్టిన అన్నా అట్కిన్సు అను నామె కథ వేరు. ఈమె కత్తెరను గాని, కుంచెతో రంగును గాని నమ్ముకొనలేదు, ఎండను నమ్ముకొనెను. శైశవముననే తల్లి పోయినది. తండ్రి జాన్ జార్జి చిల్డ్రన్ శాస్త్రజ్ఞుడు. కుమార్తెను తన ప్రయోగములకు దూరముగా నుంచలేదు. అతడు గవ్వలను గూర్చిన యొక ఫ్రెంచి గ్రంథమును అనువదింపగా, దానికి రెండు వందలకు పైగా బొమ్మలు ఆమెయే గీసి యిచ్చెను. ఆ కాలపు ఆడపిల్లలలో నెందరికి ఇట్టి తండ్రి దొరకెను?

1842లో, ఈ కుటుంబమునకు మిత్రుడగు సర్ జాన్ హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు వింతయగు నొక పద్ధతిని కనిపెట్టెను. ఇనుము గలిగిన రెండు లవణములను నీట కలిపి, వెలుతురు తగులనిచోట కాగితమునకు పూసి యారబెట్టవలెను. దానిపై ఆకునో, పూవునో పరచి, పైన గాజుపలక యదిమి, ఎండలో నుంచవలెను. పిదప వట్టినీట కడిగినచో చాలును: ఎండ తగిలినంతమేరయు ముదురునీలమై నిలుచును, ఆకు కప్పినచోటు తెల్లగా తేలును. కెమేరాతో పనిలేదు. కట్టడముల పటములను నీలికాగితముపై తెల్లని గీతలతో చూచినవారు మనలో ననేకులుందురు. చాలకాలము ఇంజనీర్లు ఆ నకళ్లను తీసినది ఈ పద్ధతిచేతనే.

అన్నా దీనిని సముద్రపు నాచులకు పట్టించెను. 1841లో హార్వీ యను నాయన ఇంగ్లండు తీరపు నాచులపై నొక గ్రంథము ప్రకటించెను గాని, అందు బొమ్మలు లేవు. దారమువలె చీలికలుగల నాచును మాటలతో వర్ణించిన చదువరి కేమి తెలియును? చేతితో గీయుటయు దుర్ఘటమే. అందుచేత ఆమె నాచునే తీసి, కడిగి, కాగితముపై పరచి, ఎండకు పెట్టెను. మన దేశమునందువలె కావలసినంత యెండ దొరకు చోటు కాదది. మబ్బు విడువదాకా వేచియుండవలెను. 1843 అక్టోబరులో మొదటి భాగము వెలువడినది. అక్షరములు సైతము అచ్చు కావు. ఆమె వ్రాతయే నీలమున తెల్లగా దిగినది. ఫొటోగ్రాఫులతో కూడిన పుస్తకములలో ఇదియే మొదటిదని ఇప్పుడు చరిత్రకారులు చెప్పుచున్నారు. ప్రసిద్ధుడగు టాల్బటు పుస్తకము వెలువడుట 1844లో గదా!

ఈ పని పదియేండ్లు, 1853 వరకు సాగెను. ఒక్కొక్క ప్రతికి సుమారు 400 పటములు. ఒకటి చేసి వేయి ముద్రించుట ఇందు లేదు. ప్రతి తావును విడిగా పూయవలెను, ఎండబెట్టవలెను, కడుగవలెను. ఇట్లు చేసిన తావులు వేలకొలది. ఆమె వానిని శాస్త్రజ్ఞులకును, మిత్రులకును పంచిపెట్టెను. తండ్రి గతించిన పిమ్మట, చిన్ననాటి చెలిమికత్తె అన్ డిక్సను తోడై, ఇద్దరును ఫెర్ను మొక్కలతోను, పూలమొక్కలతోను ఇట్టి పటములే చేసిరి.

ఇంత చేసియు పీఠికక్రింద ఆమె తన పూర్తిపేరు వ్రాసికొనలేదు. "ఎ. ఎ." అని రెండక్షరములే. 1871లో ఆమె గతించెను. కొన్నియేండ్లకు ఆ గ్రంథము నొకడు చూచి, ఆ యక్షరములకు అర్థము "పేరులేని అభిరుచికాడు" యను ఇంగ్లీషు మాటలని భావించెను! మగవాడనియే తలచెనో యేమో. పేరు బయటపడిన తరువాత సైతము ఫొటోగ్రఫీ చరిత్రలలో ఆమెకు తగిన చోటు దొరకుటకు చాలకాలము పట్టినది. ఇప్పుడా ప్రతులలో నొకటి న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీయందున్నది. అది హెర్షెలునకు ఆమె యిచ్చిన ప్రతియే.

ఆ పుస్తకములను సదా తెరచి చూపుట లేదు. ఎండలో పుట్టిన యీ నీలము వెలుతురునకు చాలకాలము తగిలినచో వెలిసిపోవును. అయితే కొంతకాలము చీకటిలో దాచియుంచినయెడల, పోయిన రంగు కొంతవరకు మరల వచ్చును.