ఉంగరాల జుట్టుకొక వకాల్తా

ప్రతి ఏడూ మన సంచిక తిరగేస్తే వరకట్నం మీద ఒక వ్యాసం, నిరుద్యోగం మీద ఒకటి, రాయలసీమ నీళ్ళ మీద తప్పనిసరిగా ఒకటి కనిపిస్తాయి. కనిపించవలసిందే. వాటి మధ్య జుట్టును గురించి వ్యాసమేమిటని సంపాదకవర్గంలోని ఒక మిత్రుడు ముఖం మీదే అడిగినాడు. అతని జుట్టు సాపుగా, దువ్వెన పెడితే జారిపోయేటట్టు ఉంటుంది. అడుగుతాడు మరి! పుట్టుకతో ఉంగరాల జుట్టు వచ్చిన ఆడపిల్లను అడిగితే తెలుస్తుంది. ఆ జుట్టులో పెళ్ళిచూపులున్నాయి, ఉద్యోగముంది, ఏడాదికోసారి నాలుగైదు వేల ఖర్చుంది, అన్నిటికీ మించి ఆరోగ్యముంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పి అసలు విషయానికొస్తాను. మాది జమ్మలమడుగు. ఇంటర్ అయిపోయిన ఎండాకాలంలో ప్రొద్దుటూరికి పోయి మొదటిసారి జుట్టు స్మూతెనింగ్ చేయించుకున్నాను, ఆపైన ఇంకొకసారి. బాగానే ఉన్నింది. ఏడాదిన్నరగా మళ్ళీ పోలేదు. ఇప్పుడు నా జడ పైసగం వంకీలు, కిందిసగం సాపు. రానున్న మాఘమాసంలో పులివెందులలో మా పెద్దమ్మ కూతురి పెళ్ళి. ఆ వెనకే కంపెనీల ఇంటర్వ్యూలు. అమ్మ, పిన్నమ్మ, గదిలోని స్నేహితురాళ్ళు అందరిదీ ఒకే మాట: "పెళ్ళికి ముందు ఇంకొక్కసారి చేయించుకోమ్మా, చూసేవాళ్ళు వస్తారు." చేయించుకోవడమా, మానడమా? ఈ వ్యాసం నా మట్టుకు నేను చేసుకున్న విచారణ.

మొదట రసాయనశాస్త్రం. వెంట్రుక అంటే కెరటిన్ అనే ప్రోటీను. ఆ ప్రోటీను పోగులను ఒకదానికొకటి పట్టి ఉంచేవి గంధకపు ముడులు, మన పాఠంలో చెప్పే డైసల్ఫైడ్ బంధాలు. చర్మం కింద వెంట్రుక కుదురు ఎలా వంగి ఉంటే పైకొచ్చే వెంట్రుక అలా వంకీ తిరుగుతుంది. ఆ వంకీని బిగించి పెట్టేవి ఈ ముడులే. వేడి ఇనుముతో రుద్ది సాపు చేస్తే హైడ్రోజన్ బంధాలు మాత్రమే కదులుతాయి. తలకు పోసుకుంటే, మన మే నెల ఎండలో అయితే చెమటకే, కథ మళ్ళీ మొదటికొస్తుంది. నిలిచే సాపు కావాలంటే గంధకపు ముడులనే తెంపాలి. రీబాండింగులో వాడే అమ్మోనియం థయోగ్లైకోలేట్ చేసే పని అదే. తెంపి, ఇనుముతో సాగదీసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి కొత్త వరసలో మళ్ళీ ముడివేస్తారు. తమాషా ఏమిటంటే, చేతుల మీద రోమాలు తీసేయడానికి అమ్మే క్రీముల్లో ఉండేదీ ఈ థయోగ్లైకోలేట్ జాతి మందే! అక్కడ వెంట్రుక మెత్తబడి ఊడేదాకా ఉంచుతారు, ఇక్కడ ఊడకముందే కడిగేస్తారు. రెంటికీ మధ్య అడ్డంగా నిలబడి ఉన్నది పార్లరు అమ్మాయి చూసే గడియారం ఒక్కటే.

అమెరికాలో నల్లజాతి వాళ్ళు తరాలుగా వాడిన రిలాక్సర్లు ఇంకా ఘాటైనవి. సబ్బుల తయారీకి వాడే కాస్టిక్ సోడాయే వాటిలో చాలావాటికి ప్రాణం. పి.హెచ్. 12 దాటిన క్షారాన్ని నెత్తిన పూసుకోవడమన్నమాట. 1965లో వెలువడిన మాల్కం ఎక్స్ ఆత్మకథలో ఆ క్షారాన్ని గుడ్లతో, ఉర్లగడ్డలతో కలిపి ఇంట్లోనే తయారుచేసుకుని, తల మండిపోతుంటే ఓర్చుకున్న సంగతి ఉంది. సాపు జుట్టు కోసం తన నెత్తిని కాల్చుకోవడాన్ని తనను తాను కించపరచుకోవడంగా ఆయన తర్వాత లెక్కవేసుకున్నాడు.

ఇంత చేసినా 'పర్మనెంట్' అనే మాట పూర్తి నిజం కాదు. మందు తగిలిన వెంట్రుకకే అది శాశ్వతం. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది, పెరిగేది వంకీలతోనే పెరుగుతుంది. కుదురుకు మందు లేదు కదా! ఆరు నెలలకు నెత్తిన ఒక జాతి, వీపున ఒక జాతి. అందుకని మళ్ళీ పోవాలి. ఇది అసలు తీరని అప్పు, వడ్డీ కట్టుకుంటూ పోవడమే. బంగారు అంగళ్ళకూ బట్టల వ్యాపారానికీ రెండో బొంబాయి అనిపించుకున్న ప్రొద్దుటూరులో వడ్డీ లెక్క ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక 'కెరటిన్ ట్రీట్‌మెంట్' అని అందమైన పేరుతో సాగేది మరొకటి. ఇది ముడులు తెంపదు, పైన పొరలా పట్టి వేడికి బిగుసుకుంటుంది. ఆ బిగింపుకు చాలా సరుకుల్లో వాడింది ఫార్మాల్డిహైడ్. జువాలజీ ల్యాబులో సీసాల్లో కప్పలనూ పాములనూ ఏళ్ళ తరబడి చెడకుండా ఉంచే ఫార్మలిన్ ఉందే, అది నీళ్ళలో కలిపిన ఫార్మాల్డిహైడే. ల్యాబు తలుపు తీయగానే కళ్ళు మండే ఆ వాసన మనకందరికీ తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2004లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 'ఫార్మాల్డిహైడ్ లేదు' అని సీసా మీద ఉంటే చాలదా అంటారు. 2010లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో అలా రాసి ఉన్న సరుకునే పరీక్షిస్తే అది దండిగా ఉన్నట్టు తేలింది.

దాని బదులు కొన్ని కంపెనీలు గ్లైఆక్సిలిక్ ఆమ్లం పట్టుకొచ్చినాయి. దాని కథ 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫ్రెంచి వైద్యులు రాసినారు. ట్యునీషియాలో 26 ఏళ్ళ యువతి, అంతకుముందు ఏ జబ్బూ లేదు. 2020, 2021, 2022లలో మూడుసార్లు జుట్టు సాపు చేయించుకుంది. మూడుసార్లూ వాంతులు, జ్వరం, నడుంనొప్పి, మూత్రపిండాలు దెబ్బతినడం! ఆ ఆమ్లం నెత్తి చర్మం గుండా లోపలికి పోయి, ఆక్సలేటుగా మారి, మూత్రపిండాల్లో స్ఫటికాలు కడుతుందని వాళ్ళు ఎలుకల మీద పరీక్షించి చూపించినారు. అంతకు ముందే ఇజ్రాయిల్‌లో ఇలాంటివి 26 కేసులు వైద్యులు లెక్క తేల్చి ప్రకటించినారు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. 2022 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్ళు గమనించిన ఫలితాలు ప్రకటించినారు. జుట్టు సాపు చేసే మందులు ఎన్నడూ వాడనివాళ్ళలో 70 ఏళ్ళ వయసులోగా గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం కాగా, ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవాళ్ళలో 4.05 శాతం. ఈ అంకెలు పట్టుకుని మన ఆడపిల్లలను బెదిరించేవాళ్ళను చూసినాను. మన ఊళ్ళల్లో ఏడాదికి నాలుగుసార్లు పోయేవాళ్ళెవరు? ఒకసారి పోవడానికే ఇంట్లో పంచాయితీ. ఆ అంకె మనకు అట్లే అతకదు. బెదిరించి మాన్పించడం బెదిరించి చేయించడానికి తోబుట్టువే.

నాకు అంతకంటే పట్టుకున్నది పార్లరులో పనిచేసే అమ్మాయి. మనం ఏడాదికొకసారి నాలుగు గంటలు కూర్చుని లేచిపోతాం. ఆమె తలుపులు బిగించిన ఏ.సి. గదిలో, పెళ్ళిళ్ళ కాలంలో రోజుకు ఇద్దరికో ముగ్గురికో చేస్తుంది. ఇనుము జుట్టుకు తగిలినప్పుడల్లా పైకి లేచే పొగ ఆమె ముఖానికే. నాకు చేసిన అమ్మాయి చున్నీని మూతికి చుట్టుకుని పనిచేసింది. కళ్ళు ఎర్రగా ఉంటే, "అలవాటైపోయిందిలే అక్కా" అనింది. అలవాటయ్యేది కన్నీళ్ళేనేమో గానీ, ఊపిరితిత్తులకు ఈ అలవాటు ఎవరు నేర్పుతారు? 2011లో అమెరికాలో కార్మికభద్రతా శాఖ హెచ్చరిక జారీచేసింది ఇలాంటి పనివాళ్ళ కోసమే. మన పక్క పెళ్ళికూతురి ముఖం చూసినంతగా ఈ అమ్మాయి ముఖం ఎవరూ చూడరు.

సరే, సాపు జుట్టే అందమని ఎవరు తీర్మానించినారు? అమెరికాలో దానికి జవాబు సులువు. బానిసత్వం, తెల్లవాళ్ళ కొలతలు. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం జుట్టు తీరును బట్టి బడిలోనూ ఉద్యోగంలోనూ వివక్ష చూపకూడదని చట్టమే చేయవలసి వచ్చింది. మరి మనకేమి వచ్చింది? మన పాత కవులు నుదుటి మీద పడే వంకీలను తుమ్మెదలతో పోల్చి భ్రమరకాలన్నారు. అమరావతి శిల్పులు బుద్ధుడి శిరస్సు నిండా ఉంగరాలే చెక్కినారు. పుట్టపర్తి బాబా గారి జుట్టు చూసి దువ్వుకోలేదా అని ఒక్కరైనా అడిగినారా? తిరుమల కళ్యాణకట్టలో వంకీలదా, సాపుదా అని ఎవరూ అడగరు, దేవుడికి రెండూ ఒకటే. 2011లో 'అలా మొదలైంది'లో నిత్యా మీనన్‌ను, 2016లో 'అ ఆ'లో అనుపమా పరమేశ్వరన్‌ను అదే జుట్టుతో చూసి చప్పట్లు కొట్టినాం. హాలు నుంచి ఇంటికొచ్చి సొంత కూతురిని "పిచ్చుకగూడు" అంటాం! తెర మీద ఉంగరాలు ముద్దు, పెళ్ళిచూపుల్లో ముప్పు. "పిల్ల లక్షణంగా ఉండాది గానీ, ఆ ఎంటికలే..." అని మధ్యవర్తి సాగదీసిన మాట మా ఇంట్లోనే విన్నాను. ఆ సాగదీతలోంచి పుట్టిందే మా అమ్మ భయం. ఆమెను నేను తప్పు పట్టను, నాకొక మంచి సంబంధం రావాలనే ఆమె ఆరాటం.

ఇంటర్వ్యూల తీరూ అంతే. ఒక శిక్షణ తరగతిలో, వేషభాషలు నేర్పే ఒకాయన, 'నీట్‌గా' అంటే ఏమిటో వివరిస్తూ ఆడపిల్లల జుట్టు 'స్ట్రెయిట్‌గా, సెట్ అయి' ఉండాలన్నాడు. శుభ్రంగా ఉండాలంటే ఒప్పుకుంటాను, ముడివేసుకోమంటే వేసుకుంటాను. సాపుగా ఉండాలనడంలో శుభ్రత ఎక్కడుంది? నా డిగ్రీలో నాలుగేళ్ళ మార్కులున్నాయి, నా జుట్టులో ఏమి లోపించిందని అయిదు వేలు కట్టి దిద్దుకుని రావాలి?

ఎదుటి పక్షాన్నీ వినాలి. ఉంగరాల జుట్టు మోయడం తేలిక కాదు. జమ్మలమడుగు-ప్రొద్దుటూరు బస్సులో కిటికీ పక్క కూర్చుంటే దిగేటప్పటికి తల ఈతచెట్టే. హాస్టల్లో బోరునీళ్ళు, ఆ ఉప్పునీళ్ళకు షాంపూ నురగే రాదు, జుట్టు నారలా బిగుసుకుపోతుంది. పొద్దున ఎనిమిదిన్నర బస్సుకు పోవలసిన పిల్ల చిక్కులు తీసుకుంటూ ముప్పావుగంట కూర్చోగలదా? నా గదిలోని స్నేహితురాలు ఈ వాదన గట్టిగా చేస్తుంది. "నా జుట్టు, నా ట్యూషన్ల డబ్బు. సాపు చేయించుకుంటే పొద్దున అరగంట ఎక్కువ చదువుకుంటాను. నీకేం నష్టం?" నాకేమీ నష్టం లేదు. ఆమెను వెలివేసే హక్కు నాకే కాదు, ఎవరికీ లేదు. పార్లరు మెట్లెక్కినంత మాత్రాన ఆడపిల్ల ఆత్మగౌరవం అమ్ముకున్నట్టు రాసే మగ వ్యాసకర్తలు ముందు తమ గడ్డాలకు ఎంత ఖర్చుపెడుతున్నారో లెక్క చూసుకోవాలి. ఆమెను నేను అడిగేది ఒక్కటే. సీసా వెనక చిన్న అక్షరాలు చదువు. గ్లైఆక్సిలిక్ అని ఉంటే లేచి వచ్చేయ్. నెత్తి మీద పుండు గానీ గీరు గానీ ఉన్నప్పుడు కూర్చోవద్దు. కిటికీ తెరిపించు, నీ కోసం కాకపోయినా ఆ పిల్ల కోసం.

నా మట్టుకు నేను పోదలచుకోలేదు. కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమేనన్నారు. ఆ కొప్పు సాపుదై ఉండాలని ఎవరూ అనలేదు. కిందిసగాన్ని ఉగాదికి కత్తిరించేస్తాను. భుజాల దాకా వస్తుంది, రానీ. పెళ్ళిలో చూసేవాళ్ళు ఎటూ చూస్తారు, ఉన్నదే చూడనిస్తాను. ఆ తర్వాత కాదనుకున్నవాళ్ళతో మూడు నెలలకొకసారి వేళ్ళ దగ్గర మందు పూయించుకుంటూ కాపురం చేయవలసిన బాధ తప్పుతుంది. అమ్మతో ఈ మాట అంటే రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఆముదం కాచి పంపింది. ఒప్పుకుందో, అలిగిందో ఇంకా తెలియదు.

విద్యార్థి సంఘానికి రెండు మనవులు. ఇంటర్వ్యూ శిక్షణకు వచ్చేవాళ్ళకు ముందే చెప్పండి, జుట్టు శుభ్రంగా ఉండాలనమనండి, సాపుగా ఉండాలనవద్దని. రెండోది, ఆడపిల్లల హాస్టలుకు వారానికి రెండుసార్లయినా తలస్నానానికి మంచినీళ్ళు ఏర్పాటు చేయించండి. జమ్మలమడుగులో మైలవరం కట్ట, ప్రొద్దుటూరి పక్కన పెన్న ఉండి, మేము ఉప్పునీళ్ళతో తల రుద్దుకోవడం అన్యాయం. ఇందులో సగం మంది జుట్టు సమస్య తీరిపోతుంది.

పులివెందులలో మా జేజి మాత్రం ఈ చర్చలో ఎన్నడూ కలగజేసుకోలేదు. ఆమెదీ ఇదే జుట్టు, ఇప్పుడు తెల్లటి ఉంగరాలు. "ఏం పాపా, ఆ ఎంటికలు నిన్నేం జేసినాయి?" అని ఒక్కసారి అడిగి ఊరుకుంది. పెళ్ళికి వచ్చేటప్పుడు ప్రొద్దుటూరు అంగట్లో రెండు కేజీల కుంకుడుకాయలు, ఒక కేజీ సీకాయ తెమ్మని కబురు పెట్టింది. పాతవి పురుగు పట్టినాయట.