యమధర్మరాజుగారి దఫ్తరు

నేను దేవుణ్ణి నమ్మినవాణ్ణి కాను. అయినా యమధర్మరాజుగారిమీద నాకొక అభిమానం ఉంది. ఆయనను నాకు పరిచయం చేసినది గరుడపురాణం కాదు, తెలుగు సినిమా.

వెండితెరమీద రాముడో కృష్ణుడో కనిపిస్తే హారతులిచ్చిన ప్రేక్షకులే, యముడు కనిపించగానే నవ్వడానికి సిద్ధపడతారు. 1960లో చిత్తజల్లు పుల్లయ్యగారి 'దేవాంతకుడు', 1977లో 'యమగోల', 1988లో 'యముడికి మొగుడు', 1994లో 'యమలీల'. మొదటిదానికి మూలం వంగభాషా చిత్రం. విత్తు అక్కడిదైనా పంట మాత్రం మనదే.

ఈ యమలోకపు సిబ్బందిలో గోదావరి సీమ వాటా తక్కువది కాదు. పుల్లయ్యగారు కాకినాడవారు. ఆ చిత్రంలో యముడైన ఎస్.వి. రంగారావుగారు కాకినాడ నాటకరంగంలో చేయి తిరిగినవారు. 'యమగోల'లో చిత్రగుప్తుడైన అల్లు రామలింగయ్యగారిది పాలకొల్లు. 'యమలీల'లో యముని పుస్తకం దొరికిన అలీగారు మా రాజమహేంద్రవరంవారు; ఆ పుస్తకంకోసం యమునితో భూలోకానికి దిగివచ్చిన చిత్రగుప్తుడు బ్రహ్మానందంగారు పూర్వాశ్రమంలో అత్తిలిలో తెలుగు ఉపన్యాసకులు. ఏటేటా మార్కుల జాబితాలు కట్టే మా వృత్తివారికి ఆ వేషం అతకడంలో ఆశ్చర్యం లేదు.

ఇంతకూ మనం నవ్వేది దేనిని చూసి? దైవాన్ని చూసి కాదు, దఫ్తరును చూసి. కాలం తీరనివాణ్ణి పట్టుకురావడం, చిట్టా పోగొట్టుకోవడం, కింది ఉద్యోగులు పై అధికారిమీద తిరగబడడం, ఇవన్నీ తాలూకా కచేరీ చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్నవారికి తెలియనివి కావు. చిత్రగుప్తుడు అచ్చమైన కరణం. అతని లెక్క ముందు నోరెత్తలేని రైతు, తెరమీద కథానాయకుడు నోరెత్తితే సంతోషించాడు. 'యమగోల'లో ఆ నోరెత్తినవారు ఎన్.టి. రామారావుగారు. ఏడేళ్ళ తరువాత, 1984లో, ముఖ్యమంత్రిగా గ్రామ కరణాల వ్యవస్థను రద్దు చేసినదీ ఆయనే. ఈ రెంటికీ సంబంధం ఉన్నదని వాదించను. అయితే తలచుకున్నప్పుడల్లా నవ్వు వస్తుంది.

ఇది సినిమావారు కొత్తగా చేసిన అపచారమూ కాదు. కఠోపనిషత్తులో నచికేతుడు మూడు రాత్రులు నిరాహారంగా తన వాకిట పడి ఉన్నందుకు యముడు నొచ్చుకుని మూడు వరాలిచ్చాడు. సావిత్రి మాటలతో ఓడించింది. మార్కండేయుని విషయంలో శివుడు కాలితో తన్నాడు. ఇంద్రుణ్ణి మినహాయిస్తే ఇన్ని పరాభవాలు పొందిన దిక్పాలకుడు మరొకడు లేడు.

2007, 2008 సంవత్సరాలనుంచి తెలుగులో భక్తికే ప్రత్యేకించిన టెలివిజన్ చానళ్ళు వచ్చాయి. వాటిలో పురాణ ప్రవచనాలు నేనూ వింటాను. నిండైన తెలుగు అక్కడ ఇంకా మిగిలి ఉంది. నాకు కంటగింపైనవి ఎక్కడ పడితే అక్కడ కనిపించే రక్షరేకుల ప్రకటనలు. అపమృత్యుభయాన్ని చూపి సరుకు అమ్ముతారు. ఆ యముడు నవ్వడు, మనల్ని నవ్వనివ్వడు. మరొకవంక చిన్న చమత్కారానికే మనోభావాలు గాయపడ్డాయని ఫిర్యాదులు.

నాబోటివాడు యముణ్ణి చూసి నవ్వితే విశేషం ఏముంది? లేనివాణ్ణి చూసి నవ్వడానికి ధైర్యం అక్కరలేదు. నమ్మినవాడు నవ్వాలి. 1977లో 'యమగోల'కు టిక్కెట్టు కొన్నవారిలో అధికులు ఇంట్లో మాసికాలూ తద్దినాలూ శ్రద్ధగా పెట్టేవారే. వారికి రెంటిమధ్యా పేచీ రాలేదు. ఇంటి పెద్దను ఆటపట్టించే చనువు అది. ఆ చనువు తగ్గిపోతున్నదేమో అని నాస్తికుడనైన నేను దిగులుపడవలసి రావడం వింతగానే ఉంది.

మొన్న తరగతిలో నచికేతుని కథ చెబుతూ, అతడు వెళ్ళినప్పుడు యముడు ఇంట లేడన్నాను. "మూడు రోజులూ ఇన్‌ఛార్జి ఎవరండీ మాస్టారూ, చిత్రగుప్తుడేనా?" అన్నాడు వెనుక బల్లమీది కుర్రవాడు. తరగతి గొల్లుమన్నది. ఆ కుర్రవాడు అయ్యప్ప దీక్షలో ఉన్నాడు.