99 మార్కులూ చాలని మనసు

పరీక్షల కాలంలో తలనొప్పి, కడుపునొప్పి అంటూ నా వద్దకు వచ్చిన పిల్లలలో మొదటి వరుసవారే ఎక్కువ. మా పెద్దమందడి వైపు వేరుశనగ ఒక ఏడు దెబ్బతిన్నా మరుసటి ఏడు మళ్లీ విత్తే రైతు, బిడ్డకు పది మార్కులు తగ్గితే మాత్రం ఓర్చుకోలేడు.

హ్యూవిట్, ఫ్లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1991లో పరిపూర్ణతాకాంక్షను మూడు విధాలుగా విభజించారు: తననుంచి తాను కోరేది, ఇతరులనుంచి కోరేది, లోకం తననుంచి కోరుతున్నదని నమ్మేది. మూడవదే ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం. అట్టి మనసుకు చిన్న పొరపాటు సైతం తన విలువపై తీర్పులా తోస్తుంది. పరీక్ష ముగిసినా తలపోత ముగియదు. దేహం ఇంకా ఆపదలోనే ఉన్నట్టు మెలగుతుంది, నిద్ర చెడుతుంది. సాయమడగడమూ లోపమే అనిపించి నోరు పెగలదు.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాక 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అన్నిటికీ ఒకే కారణం అంటగట్టడం వైద్యునికి తగదు. కాని అప్పుడే ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా పడగా, పునఃపరిశీలనలో అది 99 అని తేలింది. కాగితమే తప్పు కావచ్చునన్న అనుమానం ఎందరు పిల్లలకు కలుగుతుంది?

ఫలితాలనాడు మార్కులడిగే ముందు అన్నం పెట్టండి. బిడ్డ మాట తగ్గించినా, నిద్రపోకున్నా టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రివేళైనా తెలుగులో మాట్లాడతారు.